పాప మెదడులో న్యూరాన్లు తక్కువ పుట్టాయన్నారు. అసలు అవి ఎలా పుడతాయి? స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే మళ్ళీ పుడతాయా?

మానేరు తీరం (ప్రశ్న):

మాది కరీంనగర్ దగ్గర ఊరు. మా పాపకు నాలుగేళ్ళు. తల చిన్నగా ఉందని పుట్టినప్పుడే చెప్పారు. ఈ ఏడు జీన్ టెస్ట్ చేయిస్తే ఏఎస్‌పీఎం అనే జన్యువు రెండు కాపీల్లోనూ ఒకే మార్పు ఉందని వచ్చింది. కింద "ప్రైమరీ మైక్రోసెఫలీ" అని రాశారు, అంటే పుట్టుకతోనే తల చిన్నగా ఉండటమట. డాక్టర్ గారు ఓపిగ్గానే మాట్లాడారు గానీ బయట చాలామంది పేషెంట్లు ఉన్నారు. "కడుపులో ఉన్నప్పుడు న్యూరాన్లు తక్కువ పుట్టాయమ్మా, మందుతో తగ్గేది కాదు" అన్నారు. అంతకు మించి అడగలేకపోయాను.

పాప నడుస్తుంది, పరిగెత్తుతుంది, ఒక్క చోట కూర్చోదు. మాటలు తక్కువ. అమ్మ, తాత, బువ్వ, ఇంకొన్ని. నేను చెప్పేది మాత్రం చాలా వరకు తెలుస్తుంది. చెప్పులు తెమ్మంటే ఎవరివి వాళ్ళకే తెచ్చి ఇస్తుంది.

నేను బీకామ్ చదివాను. సైన్స్ టెన్త్‌తోనే అయిపోయింది. అయినా ఈ విషయం నాకు పూర్తిగా అర్థం కావాలి.

న్యూరాన్ పుట్టడం అంటే ఏమిటి? ఏ నెలలో, ఎక్కడ పుడుతుంది? మా పాపకు ఎక్కడ ఆగిపోయింది? నేను మా మేనబావనే చేసుకున్నాను, అంటే మా అత్తమ్మ నాకు మేనత్తే. ఐదో నెలలో గ్రహణం పట్టిన రోజు నేను వాకిట్లోకి వచ్చానని, అందుకే ఇట్లయిందని ఇప్పటికీ అంటుంది. ఆమె మీద కోపంతో రాయడం లేదు, పాపను ఆమే ఎక్కువ చూసుకుంటుంది. కానీ ఆ మాట విన్నప్పుడల్లా నాకు నిద్ర పట్టదు.

ఇంకొకటి. ఒక క్లినిక్ నుంచి మా ఆయనకు ఫోన్ వచ్చింది. న్యూరాన్లు స్టెమ్ సెల్స్ నుంచే పుడతాయట, అందుకని స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే పాప మెదడులో కొత్తవి పుడతాయట. వింటే సబబుగానే అనిపించింది. మా ఆయన పొలం మీద అప్పు తెద్దామంటున్నాడు.

ఓదార్పు వద్దు. తెలిసినవాళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.


తెనాలి టు డ్రెస్డెన్:

నమస్తే అండి. నేను జర్మనీలో ఒక ల్యాబ్‌లో పోస్ట్‌డాక్‌ని, అంటే పీహెచ్‌డీ తర్వాత పరిశోధన చేస్తున్నాను. మాది తెనాలి. రోజూ నేను పెంచేవి, చూసేవి న్యూరల్ స్టెమ్ సెల్సే. డాక్టర్‌ని కాను కాబట్టి పాప వైద్యం గురించి మీ డాక్టర్ గారి మాటే మాట. న్యూరాన్ అంటే మెదడులో సంకేతాలు మోసే నరాల కణం, అది ఎలా పుడుతుందన్నది మాత్రం నా పని. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

గర్భం నిలిచిన నాలుగు వారాలకల్లా పిండం వీపు వైపు ఒక చిన్న గొట్టం మూసుకుంటుంది. దాన్ని న్యూరల్ ట్యూబ్ అంటారు. మెదడు, వెన్నుపాము మొత్తం ఆ గొట్టం గోడ నుంచే తయారవుతాయి. చాలామందికి అప్పటికి నెల తప్పిందన్న అనుమానం మాత్రమే ఉంటుంది. ఆ గోడలోని కణాలే న్యూరల్ స్టెమ్ సెల్స్, అంటే న్యూరాన్లను పుట్టించే మూలకణాలు. మొదట్లో అవి న్యూరాన్లను చేయవు, తమ సంఖ్యనే పెంచుకుంటాయి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. పది విడతలు రెట్టింపైతే ఒక్క కణం నుంచి 1024 వస్తాయి. తొమ్మిది విడతలకే ఆగితే 512. ఒక్క విడత తగ్గినందుకు సగం పోయాయి. మీ పాప సంగతి అర్థం కావాలంటే ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

రెండో నెలలో విభజన తీరు మారుతుంది. ఒక స్టెమ్ సెల్ రెండుగా విడిపోతే అందులో ఒకటి స్టెమ్ సెల్‌గానే మిగులుతుంది, రెండోది న్యూరాన్ అయ్యే దారి పడుతుంది. కొన్నిసార్లు నేరుగా అవుతుంది, కొన్నిసార్లు మధ్యలో ఒకటి రెండు సార్లు విడిపోయి అవుతుంది. ఈ దశలోని స్టెమ్ సెల్స్‌కు రేడియల్ గ్లియా అని పేరు. చాలా సన్నగా, పొడుగ్గా ఉంటాయి. ఒక కొస మెదడు లోపలి ద్రవాన్ని తాకుతూ ఉంటుంది, రెండో కొస పైపొర దాకా సాగి ఉంటుంది. కొత్తగా పుట్టిన న్యూరాన్ ఆ పొడవాటి పోగును కరుచుకుని, తాటిచెట్టు ఎక్కే గౌడన్నలా పైకి పాకుతుంది. పాస్కో రాకిక్ అనే శాస్త్రవేత్త 1970ల మొదట్లో కోతి పిండాల మెదడులో దీన్ని గుర్తించాడు. ఆ కణాల పని దారి చూపడమేనని అప్పట్లో అనుకున్నారు. 2000, 2001లో వచ్చిన పరిశోధనలతో న్యూరాన్లకు తల్లులు కూడా అవేనని తేలింది. ఎమ్మెస్సీలో ఈ సంగతి చదివాకే నేను ఈ రంగంలోకి రావాలని నిర్ణయించుకున్నాను. కన్న తల్లే చేయి పట్టుకుని బిడ్డను తన చోటికి చేర్చడం నాకు ఇప్పటికీ అపురూపంగానే ఉంటుంది.

వరస కూడా విచిత్రంగా ఉంటుంది. ముందు పుట్టిన న్యూరాన్లు లోపలి పొరల్లో ఆగుతాయి. తర్వాత పుట్టినవి వాటిని దాటుకుంటూ పైపొరలకు వెళ్తాయి. ఎలుకల్లో దీన్ని 1961లోనే యాంజివిన్, సిడ్‌మన్ చూపించారు. మనుషుల్లో కార్టెక్స్, అంటే మెదడు పైభాగంలోని ముడతల పొర, దాని న్యూరాన్లలో దాదాపు అన్నీ ఆరు, ఏడు నెలలకల్లా పుట్టేస్తాయి. పెద్దవాళ్ళ మెదడు మొత్తం మీద సుమారు 8600 కోట్ల న్యూరాన్లు ఉంటాయని లెక్క.

మరి ఏ కణం ఎప్పుడు న్యూరాన్ కావాలో ఎలా తేలుతుంది? దానికి చాలా సంకేతాలున్నాయి, ఒక్కటి చెబుతాను. న్యూరాన్ కాబోతున్న కణం తన పైన డెల్టా అనే ప్రొటీన్‌ను ఎక్కువగా పెట్టుకుంటుంది. అది పక్క కణం మీదున్న నాచ్ అనే ప్రొటీన్‌ను తాకుతుంది. ఆ తాకిడి వల్ల పక్క కణం ఇంకొంత కాలం స్టెమ్ సెల్‌గానే ఉండిపోతుంది. అందుకే అన్నీ ఒకేసారి న్యూరాన్లు అయిపోవు. ల్యాబ్‌లో నాచ్‌ను అడ్డుకునే మందు వేస్తే కొద్ది రోజుల్లోనే డిష్‌లోని స్టెమ్ సెల్స్ మూకుమ్మడిగా న్యూరాన్లవుతాయి. మైక్రోస్కోప్ కింద చూస్తే డిష్ నిండా న్యూరాన్లే కనిపిస్తాయి. కానీ ఇక కొత్తవి పుట్టడానికి అందులో తల్లి కణాలు మిగలవు. తొందరపడి న్యూరాన్లు అయితే చివరికి న్యూరాన్లు తగ్గుతాయి.

ఇప్పుడు ఏఎస్‌పీఎం దగ్గరకు వద్దాం. కణం విడిపోయేటప్పుడు క్రోమోజోములను రెండు వైపులకూ లాగడానికి స్పిండిల్ అనే సన్నని పోగుల కట్ట ఏర్పడుతుంది. దాని రెండు కొసల దగ్గర ఉండే ప్రొటీన్ ఇది. ఈ జన్యువుకూ మైక్రోసెఫలీకీ ఉన్న సంబంధాన్ని 2002లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ బృందం బయటపెట్టింది. దగ్గరి బంధువుల్లో పెళ్ళిళ్ళు ఎక్కువగా జరిగే పాకిస్తానీ కుటుంబాల మీద వాళ్ళు పనిచేశారు. స్టెమ్ సెల్ సరిసమానంగా విడిపోయి రెండు స్టెమ్ సెల్స్ కావడానికి ఈ ప్రొటీన్ అవసరమని 2006లో ఎలుకల మీద చేసిన పనిలో కనిపించింది. అది తగ్గితే రెట్టింపు విడతలు తగ్గుతాయి, పైన చెప్పిన 1024 లెక్క అక్కడ దెబ్బతింటుంది.

అయితే ఎలుకలో ఈ జన్యువును పూర్తిగా తీసేసినా మెదడు కొద్దిగానే తగ్గేది. మనిషిలో అంత తేడా ఎందుకొస్తుందో చాలా కాలం తేలలేదు. 2018లో అమెరికాలో ఫెర్రెట్ అనే ముంగిస లాంటి జంతువులో చేసి చూశారు. ఎలుక మెదడు నున్నగా ఉంటుంది, ఫెర్రెట్‌ది మన మెదడులా ముడతలతో ఉంటుంది. దానిలో మెదడు బరువు 25 నుంచి 40 శాతం దాకా తగ్గింది. స్టెమ్ సెల్స్ ఉండాల్సిన లోపలి గోడను వేళకు ముందే విడిచి పైకి జరిగిపోయాయి. మీ పాపకు "ఎక్కడ ఆగింది" అన్న ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇది: మొదటి మూడు నాలుగు నెలల్లో, ఆ గోడ దగ్గర, తల్లి కణాల సంఖ్య పెరగాల్సిన దశలో. న్యూరాన్లు పుట్టాయి, పైకి పాకాయి, పొరలుగా కూడా చాలా వరకు సర్దుకున్నాయి. సంఖ్య తగ్గింది. ఇది ఏటేటా ముదిరే జబ్బు కూడా కాదు.

గ్రహణం గురించి. రెండు కాపీల్లోనూ ఉన్న ఆ మార్పు, అండమూ వీర్యకణమూ కలిసిన క్షణానికే ఉంది. మీరు వాకిట్లోకి వచ్చింది ఐదో నెలలో. ఆ ఎండకూ, ఆ నీడకూ, మీరు ఆ రోజు చేసిన దేనికీ ఈ జన్యువును మార్చే శక్తి లేదు. ఇంట్లో ఇలా చెప్పి చూడండి. మీ నాన్న, మీ అత్తమ్మ ఒకే తల్లిదండ్రుల పిల్లలు. ఆ తల్లిదండ్రుల్లో ఒకరి దగ్గరున్న ఒక కాపీ మీ నాన్న ద్వారా మీకూ, అత్తమ్మ ద్వారా మీ ఆయనకూ వచ్చి, మీ ఇద్దరి నుంచీ పాపకు చెరొకటి చేరి ఉండే అవకాశమే ఎక్కువ. ఒక్క కాపీ ఉన్నవాళ్ళకు ఏమీ కాదు, ఉన్నట్టు కూడా తెలియదు. ఇలాంటివి ఒకటో రెండో ప్రతి మనిషిలోనూ ఉంటాయి, నాలోనూ ఉంటాయి. ఇది అత్తమ్మను నిలదీయడానికి వాడకండి. ఆమె కూడా ఎవరి నుంచో తెలియకుండా అందుకున్నదే.

బయటి నుంచి వచ్చి స్టెమ్ సెల్స్‌ను దెబ్బతీసేవి కొన్ని నిజంగానే ఉన్నాయి. 2015, 2016లో బ్రెజిల్‌లో జికా వైరస్ చేసింది అదే, సరిగ్గా ఈ కణాల్లోకే దూరింది. రుబెల్లా, సీఎంవీ అనే వైరస్‌లు, మద్యం కూడా కడుపులోని బిడ్డ మెదడుకు హాని చేయగలవు. మీ విషయంలో కారణం జన్యువులో దొరికింది.

క్లినిక్ వాళ్ళ మాటలో మొదటి సగం నిజం, రెండో సగం అబద్ధం. అలాంటి చోట్ల ఎక్కువగా ఎక్కించేది ఎముక మజ్జ నుంచో బొడ్డుతాడు నుంచో తీసిన కణాలు. అవి మెదడు న్యూరాన్లను చేసే జాతే కావు. రక్తనాళంలోకి ఎక్కిస్తే వాటిలో ఎక్కువ భాగం ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుంటాయి. పోనీ అసలైన న్యూరల్ స్టెమ్ సెల్స్‌నే మెదడులో పెట్టారనుకుందాం. పాపకు నాలుగేళ్ళు. పాకడానికి ఆ పొడవాటి పోగులు ఇప్పుడు లేవు, పుట్టిన కొంత కాలానికే రేడియల్ గ్లియా వేరే రకం కణాలుగా మారిపోతాయి. ఎప్పుడు ఆగాలో, ఎటు వెళ్ళాలో చెప్పే సంకేతాలూ అప్పటివి కావు. అదుపు లేకుండా పెరిగితే ఏమవుతుందో ఒక ఉదాహరణ ఉంది. వేరే నరాల జబ్బుతో ఉన్న ఒక ఇజ్రాయెల్ బాబుకు మాస్కోలో పిండం నుంచి తీసిన న్యూరల్ స్టెమ్ సెల్స్ ఎక్కించారు. కొన్నేళ్ళకు అతని మెదడులో, వెన్నులో గడ్డలు కనిపించాయి. తీసి పరీక్షిస్తే అవి ఆ బాబు కణాలు కావు, ఎక్కించిన కణాల నుంచి పెరిగినవి. ఇది 2009లో వైద్య పత్రికలో వచ్చింది.

మన దేశంలో వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు కూడా స్పష్టంగా ఉన్నాయి. రక్తానికి వచ్చే కొన్ని జబ్బుల్లాంటి వాటికి ఆమోదం ఉన్న స్టెమ్ సెల్ మార్పిడి తప్ప మిగతాదంతా ప్రయోగమే. అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లోనే చేయాలి, దానికి పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదు. డబ్బు అడిగారంటే అది ట్రయల్ కాదు. పొలం మీద అప్పు తేవద్దండి. మిగతా విషయాల్లో జాగ్రత్తగా మాట్లాడతాను, ఇది మాత్రం గట్టిగానే చెబుతున్నాను.


ఇద్దరు పిల్లల నాన్న:

చెల్లెమ్మా, నువ్వు అడిగిన తీరు చూస్తేనే తెలుస్తోంది నువ్వు ఎంత గట్టిదానివో. మా పెద్దోడిది వేరే సమస్య, సెరిబ్రల్ పాల్సీ, మెదడు దెబ్బతిని కదలికలు కష్టమయ్యేది.

డ్రెస్డెన్ మేడమ్ గారికి ఒక సందేహం. పెద్దవాళ్ళ మెదడులో కూడా కొత్త న్యూరాన్లు పుడతాయని పేపర్లో చదివాను. అదే నిజమైతే పిల్లల మెదడులో ఉన్న స్టెమ్ సెల్స్‌నే ఏదో మందుతో లేపవచ్చు కదా? పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బుకు స్టెమ్ సెల్స్ పెట్టారని కూడా విన్నాను.


తెనాలి టు డ్రెస్డెన్:

మంచి ప్రశ్న సర్. నా రంగంలో ఎక్కువ వాదన నడిచింది దీని మీదే. 1960ల్లో జోసెఫ్ ఆల్ట్‌మన్ పెద్ద ఎలుకల్లో కొత్త న్యూరాన్లు పుడుతున్నాయని చూపిస్తే చాలామంది పట్టించుకోలేదు. 1992లో పెద్ద ఎలుక మెదడు నుంచే స్టెమ్ సెల్స్‌ను వేరు చేసి డిష్‌లో పెంచారు. 1998లో చనిపోయిన క్యాన్సర్ పేషెంట్ల మెదళ్ళలో, హిప్పోక్యాంపస్ అనే భాగంలో కొత్త న్యూరాన్ల ఆనవాళ్ళు దొరికాయి. 2013లో స్వీడన్ బృందం ఇంకో పద్ధతి పట్టింది. అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 మన కణాల డీఎన్ఏలో ఎంత చేరిందో కొలిచి న్యూరాన్ వయసు తేల్చారు. ఒక్కో వైపు హిప్పోక్యాంపస్‌లో రోజుకు 700 దాకా కొత్తవి చేరుతున్నాయని వాళ్ళ అంచనా. 2018లో ఒక బృందం పెద్దవాళ్ళలో అసలు కనబడటం లేదంది, అదే ఏడాది ఇంకో బృందం ఉన్నాయంది. 2025లో స్వీడన్ వాళ్ళే, పెద్దల హిప్పోక్యాంపస్‌లో విభజన చెందుతున్న ఆ తొలి కణాలను నేరుగా గుర్తించామని రాశారు. నాకైతే ఉన్నాయనే అనిపిస్తోంది, మనిషికి మనిషికి చాలా తేడాతో.

ఉన్నా అది ఒక చిన్న చోట, కొద్ది సంఖ్యలో. కార్టెక్స్‌లో అలా జరగదు. కార్టెక్స్ తక్కువైన పిల్లలకు హిప్పోక్యాంపస్ దారి చూపదు. ఈ రంగంలో మన దేశంలోనూ గట్టి పని జరుగుతోంది. ముంబైలోని టీఐఎఫ్ఆర్ అనే పరిశోధన సంస్థలో విదితా వైద్య గారు హిప్పోక్యాంపస్‌లో కొత్త న్యూరాన్ల మీద, శుభా తోలే గారు పిండం మెదడులో కార్టెక్స్ ఎలా ఏర్పడుతుందన్న దాని మీద ఏళ్ళుగా పనిచేస్తున్నారు.

పార్కిన్సన్స్ సంగతి నిజమే. 2025లో జపాన్ నుంచి ఒకటి, అమెరికా నుంచి ఒకటి చిన్న ట్రయల్ ఫలితాలు వచ్చాయి. అక్కడ దెబ్బతినేది ప్రధానంగా ఒక్క రకం న్యూరాన్. ల్యాబ్‌లో ఆ రకానికి ముందటి దశ దాకా పెంచిన కణాలను ఆపరేషన్ చేసి ఒక్క చోట పెడతారు. ఆ స్థాయికి రావడానికే కొన్ని దశాబ్దాలు పట్టింది. కార్టెక్స్‌లో పదుల రకాల న్యూరాన్లు పొరపొరలుగా, ఒక్కోటి వేల కణాలతో ముడిపడి ఉంటాయి. దాన్ని నాలుగేళ్ళ పిల్లలో తిరిగి కట్టే పద్ధతి ఈ రోజు ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు.


పిల్లల థెరపీ, సికింద్రాబాద్:

అమ్మా, ఎవరి చెప్పులు వాళ్ళకు ఇస్తుందని రాశారు కదా. మనిషిని, వస్తువును జత కలిపి గుర్తుపెట్టుకుంటోందన్నమాట. మాట్లాడే మాటల కంటే అర్థమయ్యే మాటలు చాలా ఎక్కువ ఉన్నాయి. స్పీచ్ థెరపీ ఇంకా మొదలుపెట్టకపోతే ఈ నెలలోనే మొదలుపెట్టండి. నోటి మాట వచ్చేలోపు బొమ్మల కార్డులు, సైగలు వాడండి. వాటి వల్ల మాట ఆగిపోదు. అడగగలిగితే పేచీ కూడా తగ్గుతుంది.

బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసమే. ఒకసారి పూర్తి అసెస్‌మెంట్ చేయించి, ఇంట్లో ఏం చేయాలో రాయించుకుని వెళ్ళండి. మీ జిల్లాలో డీఈఐసీ, అంటే పిల్లల ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్ ఎక్కడుందో ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు, వైకల్యం ఉన్నవాళ్ళకు ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా కూడా పెట్టుకోండి. నిరామయలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వస్తుంది, థెరపీ ఖర్చు కూడా అందులో ఉంటుంది.


మానేరు తీరం:

అందరికీ నమస్కారం. మేడమ్, మీరు రాసింది మా ఆయనకు చదివి వినిపించాను. 1024, 512 దగ్గర ఆపి రెండుసార్లు చదివించుకున్నాడు. క్లినిక్ వాళ్ళకు రానని ఫోన్ చేసి చెప్పాడు. అత్తమ్మకు ఇంకా చెప్పలేదు. మీ నాన్న, మీ అత్తమ్మ అన్న భాగం ఎలా మొదలుపెట్టాలో చూస్తున్నాను.

ఇంకొక్కటి అడుగుతాను. మాకు రెండో బిడ్డ కావాలని ఉంది. మళ్ళీ ఇలాగే అవుతుందా? ఫోలిక్ యాసిడ్ ముందు నుంచే వేసుకుంటే ఆగుతుందా? స్కానింగ్‌లో తెలుస్తుందా?


తెనాలి టు డ్రెస్డెన్:

మీరిద్దరూ ఒక్కో కాపీ మోస్తున్నట్టయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మొదటి పాపకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు తగ్గుతుందనీ పెరుగుతుందనీ లేదు, ప్రతిసారీ అదే లెక్క. నాలుగింట మూడు వంతులు ఈ సమస్య లేకుండా పుట్టే అవకాశం ఉంది.

ఫోలిక్ యాసిడ్ ఈ జన్యువును ఆపలేదు. అయినా వేసుకోండి, అది న్యూరల్ ట్యూబ్ సరిగ్గా మూసుకోవడానికి. ఆ ట్యూబ్ నాలుగు వారాలకే మూసుకుంటుంది కాబట్టి గర్భం రాకముందు నుంచే మొదలుపెట్టాలి. ఎంత మోతాదో మీ డాక్టర్ గారు చెబుతారు.

స్కానింగ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఈ రకంలో తల చిన్నగా ఉన్న సంగతి మధ్య నెలల దాకా, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా గాని బయటపడదు. తల్లి కణాలు తగ్గిన ఫలితం తల కొలతలో కనబడటానికి అంత సమయం పడుతుంది. మీకు మార్పు ఏమిటో ముందే తెలుసు కాబట్టి 11 నుంచి 13 వారాల మధ్య సీవీఎస్ అనే పరీక్షతో, మాయ నుంచి చిన్న ముక్క తీసి నేరుగా ఆ జన్యువునే చూడవచ్చు. కానీ గర్భం రాకముందే మీ ఇద్దరి రక్తంలో ఆ మార్పు ఉందని నిర్ధారించుకోవాలి. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, అక్కడే సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలో జన్యు పరీక్షల విభాగం ఉంది. ఏది మీకు అనుకూలమో పిల్లల డాక్టర్ గారిని అడిగి, ఆయన దగ్గర రిఫరల్ రాయించుకోండి. పరీక్ష ఫలితం వచ్చాక ఏం చేయాలన్నది మీ ఇద్దరి నిర్ణయం. ఆ మాటలు జెనెటిక్ కౌన్సెలర్ ముందు కూర్చుని, తొందర లేకుండా మాట్లాడుకోండి.

వెళ్ళేటప్పుడు పాప రిపోర్టు మొత్తం తీసుకెళ్ళండి, మొదటి పేజీ ఒక్కటే కాదు. జన్యువు పేరు పక్కన సి అక్షరంతో మొదలయ్యే అంకెల వరస ఒకటి ఉంటుంది. వాళ్ళు మీ ఇద్దరిలో వెతికేది సరిగ్గా దాన్నే.